ఎండను గడప బయటే ఆపాలి



ఈ ప్రసంగం ఇంటి గురించి. ఇంట్లోకి వచ్చే ఎండ గురించి. ఆ ఎండను తరమడానికి నెలనెలా కట్టే కరెంటు బిల్లు గురించి.

ఎండాకాలం వచ్చిందంటే మగవాళ్లు చెట్టు కిందికో, రచ్చకట్ట మీదికో పోతారు. ఇల్లాలికి అది కుదరదు. పొయ్యి దగ్గర ఉండేది ఆమే. పసిబిడ్డ ఉయ్యాల ఊపేది ఆమే. మంచంలో ఉన్న అత్తమామలకు నీళ్లు అందించేది ఆమే. కాబట్టి ఇంటి వేడి ముందుగా ఆడవాళ్ల కష్టం.

అది ఒట్టి కష్టమే కాదు. ప్రాణాల మీదికి వచ్చే సంగతి. 2015 మే నెలలో పెద్ద వడగాడ్పులు వీచాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ముసలివాళ్లు, ఎండలో పనిచేసే కూలీలు అందులో ఎక్కువ. వడదెబ్బ ఎండలో తిరిగేవాళ్లకే తగులుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వేడెక్కిన ఇంట్లో పడుకున్నవాళ్లకూ వడదెబ్బ తగులుతుంది.

మరి ఇల్లు చల్లబడాలంటే ఏం చెయ్యాలి? ఇంకో ఫ్యాను కొనాలా? కూలరు తేవాలా? కిటికీ అద్దాలకు నల్ల కాగితం అతికించాలా? డబ్బు తియ్యకముందు కాస్త ఆలోచించాలి. వేడి ఇంట్లోకి ఏ దారిన వస్తోందో ముందు తెలుసుకోవాలి. దొంగ ఏ తలుపున వస్తున్నాడో తెలియకుండా తాళం కొంటే ఏం లాభం?

వేడి వచ్చే దారులు

వేడి ఇంట్లోకి మూడు దారుల్లో వస్తుంది.

మొదటి దారి పైకప్పు. ఎండాకాలంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో పన్నెండు గంటలు దాటిన కాసేపటికి నేల మీద ఒక కర్రను నిటారుగా నిలబెట్టి చూడండి. దాని నీడ పక్కకు పడదు. అంటే ఎండ అంతా నేరుగా కప్పు మీదే పడుతోంది. గోడల మీద పడేది తక్కువ.

రెండో దారి కిటికీలు, తలుపులు. ఉదయం తూర్పు కిటికీలోంచి ఎండ వస్తుంది. సాయంత్రం పడమటి కిటికీలోంచి వస్తుంది. పడమటి ఎండ ఇంకా చెడ్డది. అప్పటికే ఇల్లంతా వేడెక్కి ఉంటుంది. దాని మీద అది వచ్చి పడుతుంది.

మూడో దారి ఇంట్లోనే ఉంది. అది పొయ్యి. పాతకాలపు బల్బు. ఫ్రిజ్ వెనక వచ్చే వేడి. ఇవి కూడా గదిని వేడి చేస్తాయి.

ఒక్కసారి వేడి లోపలికి వచ్చిందంటే దాన్ని బయటికి పంపడానికి కరెంటు కావాలి. కరెంటుకు డబ్బు కావాలి. గడప బయటే ఆపితే ఆ ఖర్చు చాలావరకు తప్పుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలినవన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఒక వీధి, మూడు ఇళ్లు

తెలంగాణలో ఒక చిన్న టౌను ఉందనుకోండి. అందులో ఒక వీధి. ఆ వీధిలో మూడు ఇళ్లు. మొదటిది స్లాబు ఇల్లు. రెండోది రేకుల ఇల్లు. మూడోది కొత్తగా కట్టిన అద్దాల కిటికీల ఇల్లు. ఆ మూడిళ్ల కోడళ్లూ రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. ఎండ సంగతి ముగ్గురూ కలిసి మాట్లాడుకున్నారు.

స్లాబు ఇంటి అక్కకు రాత్రిపూట నిద్ర ఉండదు. పొద్దంతా స్లాబు ఎండను తాగుతుంది. సిమెంటు స్లాబులోంచి వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే బయట చల్లబడ్డాక కూడా లోపల కప్పు కొలిమిలా ఉంటుంది. ఫ్యాను వేస్తే కప్పు కింద చేరిన వేడిగాలినే కిందికి కొడుతుంది.

ఒకరోజు ఆ అక్క అత్తను అడిగింది.

"అత్తా, పండుగకు గోడలన్నింటికీ సున్నమేసినం గదా. ఎండ పడేది గోడ మీదనా, మిద్దె మీదనా?"

"మిద్దె మీదనే."

"మరి మిద్దెకు సున్నమెందుకు వెయ్యలే?"

అత్త నవ్వింది. "మిద్దెను ఎవరు చూస్తరే?" అంది.

"సూర్యుడు చూస్తడు అత్తా" అంది కోడలు.

అత్తకు నమ్మకం కుదరలేదు. అప్పుడు కోడలు ఒక పరీక్ష చేసింది. రెండు పాత రేకు మూతలు తెచ్చింది. ఒకదానికి సున్నం పూసింది. ఒకదానికి పొయ్యి మసి పూసింది. రెండూ ఒకేచోట మధ్యాహ్నం ఎండలో పెట్టింది. అరగంట తర్వాత అత్త రెండింటినీ తాకి చూసింది. మసి మూత చుర్రుమంది. సున్నం మూత అంతగా కాలలేదు.

ఎందుకు? తెలుపు ఎండను వెనక్కి పంపుతుంది. నలుపు ఎండను తాగుతుంది. మిద్దె మీద ఉండే పాత సిమెంటు నల్లబడి, పాచి పట్టి ఉంటుంది. అదీ ఎండను తాగేదే. దానికి తెల్లటి పూత వేస్తే ఎండలో ఎక్కువ భాగం వచ్చిన దారినే ఆకాశానికి పోతుంది.

ఇది ఒక్క వీధి సంగతి కాదు. గుజరాత్‌లోని అహ్మదాబాదులో 2010లో వడగాడ్పులకు చాలామంది చనిపోయారు. ఆ తర్వాత 2013లో ఆ నగరం ఎండదెబ్బ నుంచి జనాన్ని కాపాడే ప్రణాళిక తయారు చేసుకుంది. 2017లో అక్కడి బస్తీ ఇళ్ల కప్పులకు సున్నం వేయించే పని మొదలుపెట్టారు. తెలంగాణ ప్రభుత్వం కూడా 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది.

సున్నం వేసే పద్ధతి

సున్నం వేసేది ఎండలు ముదరకముందే. ఉగాదికి ముందు వేస్తే మంచిది. ముందుగా మిద్దెను చీపురుతో ఊడ్వాలి. పాచి ఉంటే గీకాలి. కడిగి ఆరనివ్వాలి. పగుళ్లు ఉంటే సిమెంటుతో పూడ్చాలి.

సున్నం చిక్కగా కలపాలి. చేతికి అంటకుండా, వానకు తొందరగా పోకుండా జిగురు కలుపుతారు. కుంచెతో ఒక పూత వేసి ఆరాక ఇంకో పూత వెయ్యాలి. వానాకాలంలో కొంత కొట్టుకుపోతుంది. కాబట్టి ఏటా వెయ్యాలి. డబ్బుంటే కప్పుల కోసమే అమ్మే తెల్ల రంగు వేయించవచ్చు. అది కొన్నేళ్లు ఉంటుంది. ఏది వేసినా దుమ్ము పట్టకుండా అప్పుడప్పుడు ఊడ్వాలి. దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. రాతి సున్నం నీళ్లలో వేస్తే బుసబుస పొంగుతుంది, సలసల కాగుతుంది. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పడితే నలపకూడదు. వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడగాలి. కడిగి ఆస్పత్రికి పోవాలి. చేతులకు సంచులు కట్టుకుని, ఎండ లేని పూట ఈ పని చేసుకోవాలి.

రేకుల ఇంటి కష్టం

రేకుల ఇంటి వదిన కష్టం ఇంకా ఎక్కువ. స్లాబు రాత్రి ఏడిపిస్తే రేకు పగలు ఏడిపిస్తుంది. పల్చటి రేకు ఎండ పడగానే కాలుతుంది. ఆ సెగ నేరుగా మంచం మీదికి దిగుతుంది. ఆ ఇంట్లో నడవలేని ముసలి అత్త ఉంది. మధ్యాహ్నం ఆమె మంచం ఎక్కడ వెయ్యాలన్నదే రోజూ సమస్య.

సిమెంటు రేకుకు సున్నం పట్టుతుంది. జింకు రేకుకు సున్నం నిలవదు. దానికి తెల్ల రంగు వెయ్యాలి. అయితే రేకు మీదికి ఎక్కకూడదు. సిమెంటు రేకు పాతబడితే కాలు పెట్టగానే విరుగుతుంది. అలా కిందపడి నడుములు విరిగినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. నిచ్చెన మీద నిలబడి, పొడుగు కర్రకు కుంచె కట్టి వెయ్యాలి. పాత సిమెంటు రేకును గీకకూడదు, కొయ్యకూడదు. అందులో ఆస్‌బెస్టాస్ ఉంటే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

రేకు కింద ఇంకో కప్పు ఉంటే ఇంకా మేలు. వెదురు తడక గానీ, ఈత చాప గానీ రేకుకు జానెడు కింద కట్టాలి. మధ్యలో గాలి ఆడాలి. రేకు సెగను ఆ తడక ఆపుతుంది. పొయ్యి ఉన్నచోట మాత్రం తడక కట్టకూడదు. నిప్పు అంటుకుంటుంది. కరెంటు వైర్లు తడకకు తగలకుండా చూసుకోవాలి.

వదిన ఇంకో పని చేసింది. ఇంటి పడమటి పక్కన నాలుగు గుంజలు పాతి పందిరి వేసింది. చిక్కుడు, బీర పాకించింది. కాయలకు కాయలు, నీడకు నీడ. ఆ గోడ ఇప్పుడు సాయంత్రం కూడా కాలడం లేదు. అత్త మంచం ఆ గోడ పక్కకు చేరింది.

పాతకాలం పెద్దలకు ఈ లెక్క తెలుసు. మట్టిమిద్దెలు, తాటాకు ఇళ్లు, పెంకుటిళ్లు చల్లగా ఉండేవి. మందం మట్టిగోడ పగటి వేడిని తొందరగా లోపలికి రానిచ్చేది కాదు. ముందుకు దిగిన చూరు గోడకు గొడుగులా నీడ పట్టేది. ఇప్పుడు స్లాబులు, రేకులు వచ్చాయి. చూరు పోయింది. ఆ నీడను మళ్లీ తెచ్చుకోవాలి.

అద్దాల కిటికీకి నల్ల ఫిల్ము

మూడో ఇంటి చెల్లెలికి వేరే సమస్య. ఆమె ఇంటికి పడమట పెద్ద అద్దాల కిటికీ ఉంది. సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో కూర్చోలేరు. దుకాణం అతను వచ్చి చెప్పాడు. "అమ్మా, అద్దానికి నల్ల ఫిల్ము వేయించండి. ఇంక ఏసీ కూడా అక్కర్లేదు" అన్నాడు.

చెల్లెలు వెంటనే సరే అనలేదు. అక్కను, వదినను పిలిచి అడిగింది. ముగ్గురూ కూర్చుని ఆలోచించారు.

ముందుగా అద్దం ఏం చేస్తుందో చూడాలి. అద్దం ఎండను లోపలికి రానిస్తుంది. ఆ ఎండకు గదిలోని నేల, మంచం, గోడ వేడెక్కుతాయి. ఆ వేడి మాత్రం అద్దంలోంచి సులువుగా బయటికి పోదు. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో కూర్చుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. అద్దాల గది కూడా అంతే.

మరి ఫిల్ము ఏం చేస్తుంది? అది పల్చటి ప్లాస్టిక్ పొర. అద్దం మీద పడిన ఎండలో కొంత భాగాన్ని వెనక్కి పంపుతుంది. కొంత భాగాన్ని తానే పీల్చుకుంటుంది. కాబట్టి ఫిల్ము వల్ల వేడి తగ్గే మాట నిజమే. కానీ అన్ని ఫిల్ములూ ఒకటి కాదు.

చవక నల్ల ఫిల్ము ముఖ్యంగా వెలుతురును ఆపుతుంది. ఎండను తాను తాగి అద్దాన్ని కాల్చేస్తుంది. కాలిన అద్దం సెగ కొంత లోపలికే వస్తుంది. కొన్ని రకాల అద్దాలు ఆ వేడికి పగులుతాయి కూడా. పైగా గది చీకటవుతుంది. పట్టపగలు లైటు వెయ్యాలి. ఒక చేత్తో ఆదా చేసి ఇంకో చేత్తో ఖర్చు పెట్టినట్టు.

మంచి ఫిల్ము వేడిని ఎక్కువ ఆపి, వెలుతురును రానిస్తుంది. దాని ధర ఎక్కువ. కొనేముందు దుకాణంలో రెండు ప్రశ్నలు అడగాలి. "ఇది నూటికి ఎంత వేడిని ఆపుతుంది? నూటికి ఎంత వెలుతురును రానిస్తుంది?" ఈ రెండు అంకెలూ కంపెనీ కాగితం మీద ఉంటాయి. నోటిమాట కాదు, కాగితం చూపించమనాలి. అంకెలు చదవడం వచ్చినవాళ్లు వాటిని తామే చదువుకోవచ్చు.

కొందరు చాటు కోసం అద్దంలా మెరిసే ఫిల్ము వేయిస్తారు. పగలు బయటివాళ్లకు లోపల కనబడదు. ఇది నిజమే. కానీ రాత్రి లోపల లైటు వేస్తే అంతా తిరగబడుతుంది. లోపలి మనుషులు బయటికి స్పష్టంగా కనబడతారు. ఆడపిల్లలున్న ఇంట్లో ఇది గుర్తుంచుకోవాలి. రాత్రికి తెర ఉండాల్సిందే.

ఫిల్ము వేస్తే పోలీసులు పట్టుకుంటారేమోనని చెల్లెలి అత్త భయపడింది. ఆ భయం అక్కర్లేదు. కార్ల అద్దాలకు నల్ల ఫిల్ము అతికించకూడదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అది వాహనాల సంగతి. ఇంటి కిటికీలకు కాదు.

చివరికి ముగ్గురూ ఏం తేల్చారు? ఎండ అద్దాన్ని తాకకముందే ఆపడం అన్నిటికన్నా మేలు. కిటికీ బయట వెదురు తడక కట్టారు. పొద్దున చుట్టి పైకి కడతారు. మధ్యాహ్నం దించుతారు. లోపల కట్టే తెర కూడా మంచిదే. కానీ దాని దాకా వచ్చిన ఎండ అప్పటికే అద్దం దాటి ఇంట్లోకి వచ్చేసినట్టు. సాయంత్రం ఆ తెరను తాకి చూస్తే వేడి తెలుస్తుంది. బయట తడక కట్టడం కుదరని ఇళ్లు కొన్ని ఉంటాయి. పై అంతస్తుల ఇళ్లు అలాంటివి. అటువంటిచోట మంచి ఫిల్ము పనికొస్తుంది.

గాలి ఎప్పుడు రావాలి, ఎప్పుడు రాకూడదు

కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉంచడం కూడా తప్పే. ఎండాకాలంలో పొద్దున తొమ్మిది దాటితే బయటి గాలి ఇంటి గాలికన్నా వేడెక్కుతుంది. అప్పుడు ఎండ పడే పక్క కిటికీలు ముయ్యాలి. సాయంత్రం చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరవాలి. రాత్రంతా గాలి ఆడితే గోడలు చల్లబడతాయి. దోమలు వస్తాయని మూస్తారు. కిటికీకి దోమతెర గుడ్డ కొడితే గాలి వస్తుంది, దోమ రాదు.

ఫ్యాను గాలిని చల్లబరచదు. ఒంటి మీది చెమటను ఆరబెట్టి ఒంటిని చల్లబరుస్తుంది. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగితే గది చల్లబడదు, మీటరు తిరుగుతుంది. బయట వేడి మరీ ముదిరితే ఫ్యాను వడగాలినే కొడుతుంది. అప్పుడు ముసలివాళ్లకు, పసివాళ్లకు తడిబట్టతో ఒళ్లు తుడవాలి. నీళ్లు, మజ్జిగ తాగిస్తూ ఉండాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తెలివి తప్పుతుంటే అది వడదెబ్బ. తడిబట్టలు కప్పి వెంటనే 108కి ఫోను చెయ్యాలి. తెలివి లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకూడదు.

కూలరు పొడి వేడికి బాగా పనిచేస్తుంది. దానికి కిటికీ కాస్త తెరిచి ఉండాలి. మూసిన గదిలో కూలరు పెడితే తేమ పెరిగి ఉక్కపోస్తుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలో గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది. అక్కడ కూలరు అంతగా ఉపయోగపడదు. వట్టివేళ్ల తడకల మీద నీళ్లు చల్లడం కూడా ఇంతే. పొడిగాలి ఉన్నచోటే చల్లదనం.

ఏసీ ఉన్న ఇంట్లో 18, 20 మీద పెట్టనక్కర్లేదు. 24 మీద పెట్టి మెల్లగా ఫ్యాను వేస్తే చాలు. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ వాడే కరెంటు నూటికి 6 వంతుల దాకా తగ్గుతుందని లెక్క.

మీటరు చదివిన అక్క

ఇప్పుడు కరెంటు లెక్క. 1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. ప్రతి బల్బు మీద, ఫ్యాను మీద వాట్ల అంకె రాసి ఉంటుంది.

60 వాట్ల పాత బల్బులు మూడు, రోజుకు 5 గంటలు వెలిగితే 900 వాట్ల గంటలు. అంటే ముక్కాలు యూనిట్ కన్నా ఎక్కువ. నెలకు 27 యూనిట్లు. వాటి బదులు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు పెడితే నెలకు 4 యూనిట్లు. వెలుగు తగ్గదు.

75 వాట్ల మామూలు ఫ్యాను రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను అయితే నెలకు 14 యూనిట్లు. దాని ధర ఎక్కువే. అందుకే పాత ఫ్యాను పాడైనప్పుడు కొనేది అది కొంటే మంచిది. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు కూడా నక్షత్రాల గుర్తు తప్పనిసరి అయింది. నక్షత్రాలు ఎక్కువుంటే కరెంటు తక్కువ వాడుతుందని అర్థం. అయిదు నక్షత్రాలు అన్నిటికన్నా మంచివి.

ఫ్రిజ్‌ను పొయ్యి పక్కన పెట్టకూడదు. గోడకు ఆనించకూడదు. వెనక గాలి ఆడాలి. వేడి కూర ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న అర్హులైన కుటుంబాలు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. స్లాబు ఇంటి వాళ్లకు ఎండాకాలంలో ఇదే భయం. బిల్లు చేతికి వచ్చాక ఏడ్చి లాభం లేదు. ముందే తెలియాలి.

అందుకని అక్క మీటరు చదవడం మొదలుపెట్టింది. కొత్త మీటరులో అంకెలు మారుతూ ఉంటాయి. కేడబ్ల్యూహెచ్ అనే ఇంగ్లీషు అక్షరాలతో కనబడే అంకె యూనిట్ల అంకె. 5వ తేదీన బిల్లు ఇచ్చినప్పుడు రీడింగు 4251. అది బిల్లు మీద కూడా ఉంది. 25వ తేదీన అక్క చూసినప్పుడు 4396.

4396లోంచి 4251 తీసేస్తే 145. అంటే 20 రోజుల్లో 145 యూనిట్లు. రోజుకు 7 యూనిట్ల పైమాట. ఇంకో 10 రోజులు ఇలాగే వాడితే 70 యూనిట్లు దాటుతాయి. 145కు 70 కలిపితే 215. అంటే 200 దాటిపోతుంది.

అక్క ఆ రాత్రి పెనిమిటికి కాగితం చూపింది. "ఇంకా 55 యూనిట్లే ఉన్నయి. రోజుకు 5 వాడితే బతుకుతం" అంది. ఆయన అంకెల వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "ఈ లెక్క నువ్వే చేసినవా?" అన్నాడు. "మరెవరు చేస్తరు?" అంది అక్క.

మూడు పాత బల్బులు తీసేశారు. పాడైపోయిన ఒక ఫ్యాను బదులు బీఎల్‌డీసీ ఫ్యాను తెచ్చారు. మిద్దెకు సున్నం వేసినందువల్ల రాత్రిపూట కూలరు నాలుగు గంటలు తక్కువ వేస్తే సరిపోయింది. మూడూ కలిపి రోజుకు 2 యూనిట్లకు పైగా తగ్గింది. నెల పూర్తయ్యేసరికి 195 దగ్గర ఆగింది.

ఒక్క ఇంటితో ఆగకూడదు

అద్దె ఇంట్లో ఉండేవాళ్లు ఇంటి యజమానితో మాట్లాడాలి. మిద్దెకు తెల్ల పూత వేస్తే స్లాబు కూడా ఎక్కువ కాలం మన్నుతుందని చెప్పాలి. అద్దెకున్నవాళ్లు కూలి, ఇల్లుగలవాళ్లు సున్నం పెట్టుకున్నా సరే.

ఆ వీధిలో అంగన్‌వాడీ కేంద్రం ఉంది. ప్రభుత్వ భవనమే. స్లాబు కప్పు. ఎండాకాలం వస్తే పిల్లలు చెమటలు కక్కుతారు. తెలంగాణ చల్లని పైకప్పుల విధానం ప్రభుత్వ భవనాలకు చల్లని కప్పు తప్పనిసరి అంటోంది. మరి అంగన్‌వాడీకి ఎందుకు లేదు? అడిగితే కదా వచ్చేది. ముగ్గురూ కూర్చుని అర్జీ రాశారు.

"మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారాలు. మా వీధి అంగన్‌వాడీ కేంద్రం స్లాబు ఎండకు బాగా కాలుతోంది. చిన్నపిల్లలు వేడికి తట్టుకోలేకపోతున్నారు. 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం ప్రకారం ఈ కప్పుకు తెల్ల పూత వేయించాలని కోరుతున్నాము. ఇట్లు, వీధి మహిళలు."

అయిదు వాక్యాలు. కష్టమైన మాట ఒక్కటీ లేదు. కింద వీధిలోని ఆడవాళ్లందరూ సంతకాలు చేశారు. అర్జీ ఇచ్చి, అందినట్టు ఇంకో కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. ముద్ర లేని అర్జీకి జవాబు అడగడం కష్టం.

గుర్తుంచుకోండి

కప్పుకు తెలుపు. కిటికీకి బయట నీడ. పగలు మూత, రాత్రి గాలి. కొనే వస్తువు మీద వాట్ల అంకె చూడాలి. పది రోజులకోసారి మీటరు చదవాలి.

చదివినవాళ్లు ఇవాళే ఇంటి మీటరు దగ్గరికి వెళ్లి అంకె రాసుకోండి. పక్కన తేదీ వెయ్యండి. మళ్లీ పది రోజులకు చూసి తీసివేత చెయ్యండి. పక్కింటామెకు రాకపోతే ఆమె మీటరు కూడా చదివి పెట్టండి. ఆ పక్కన కూర్చోబెట్టుకుని ఆమెకూ నేర్పండి.